వామనాసికా దిగ్విజయము

జయము జయము! ముఖమండల మధ్యభాగమున దుర్గము వలె నిలిచి, ద్వారద్వయ విరాజితమై, కళ్లజోడునకు పీఠమై, జలుబునకు పుట్టినిల్లై, పడిశమునకు అత్తవారిల్లై వెలుగొందు ఓ నాసికా, నీకు జయము! కోపమునకు కూర్చుండుటకు నీకంటె మంచి చోటు దొరకదు. ఆశ్చర్యము కలిగిన వేళ వ్రేలు వచ్చి వాలునది నీ మీదనే. మునులైనను నిన్ను మూసికొనక తపస్సు మొదలుపెట్టరు. అట్టి నీవు తలుపులు బిడాయించుకొని కూర్చుండగా, నిన్నే నమ్ముకొని బ్రదుకు మహావీరుడొకడు పడిన పాట్లను పాడబూనితిని. పాట ముగియువరకు నాకు తుమ్ము రాకుండునట్లు కరుణింపుము.

కాలమా, ఒకానొక సోమవారము. దేశమా, రెండు బస్సులు ఎదురుపడినచో ఒకటి వెనుకకు తగ్గక తప్పని సన్నని వీధి. ఆ వీధి నడుమ, తాళపుచెవులు చేయువాని కొట్టునకును పళ్లవైద్యుని గదికిని మధ్య, కాఫీగింజలు వేయించు కర్మాగారమొకటి కలదు. దినదినమును ఉదయము తొమ్మిదిన్నరకు అచ్చటి ఇనుప పీపా గిరగిర తిరుగనారంభింపగా, ఆ పరిమళ ప్రవాహమునకు పళ్లు పీకించుకొన వచ్చినవారు సైతము ఒక క్షణము నొప్పి మరచుచుందురు.

ఇక్కడి నుంచి కొంచెం వాడుక భాషలోకి దిగుతాను. గ్రాంథికంలో ఎక్కువసేపు ఉంటే నాకూ ఊపిరాడదు. యుద్ధం వచ్చినప్పుడు మళ్లీ కవచం తొడుక్కుంటాను.

ఆ పీపాకు ఏకచ్ఛత్రాధిపతి, గరిటెపాణి, ధూమమండల సంచారి, గింజపొట్టు ధూసరిత విశాలోదరుడు అయిన మన వీరుణ్ణి వీధి వీధంతా వేపుడు మాస్టారని పిలుస్తుంది. పాతికేళ్లుగా ఆ పీపా దగ్గర గడియారం లేదు, వేడిని కొలిచే సాధనం లేదు. అక్కడి పద్ధతి ఒక్కటే. మాస్టారు పొడుగు గరిటెను పీపా రంధ్రంలోకి దూర్చి, గుప్పెడు గింజలు బయటకు లాగి, ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని, ఒక్క దీర్ఘశ్వాస తీసి, “పదును!” అంటారు. అన్న మరుక్షణం గింజలు పళ్లెంలోకి దూకాలి. పదునుకూ మాడుకూ మధ్య ఉన్న దూరం అరనిమిషం. ఆ అరనిమిషమే ఆయన రాజ్యం, ఆయన జీతం, ఆయన పరువు.

ఆయనకు తన నిగ్రహం మీద మహా గర్వం. లిఫ్టులు బాగుచేసే బావమరిది మధ్యాహ్నం పూట కొట్టు వెనక మెట్ల మీద సిగరెట్టు ముట్టించడానికి వస్తే చాలు, ఉపన్యాసం మొదలయ్యేది.

“ఒరేయ్, ఇంత మనిషివి, ఆ పుల్లకి బానిసవడం ఏంట్రా? నన్ను చూడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాఫీ మధ్యలోనే ఉంటాను. ఒక్క చుక్క నోట్లో వేసుకోను. మనసుంటే మార్గం ఉంటుంది. నాకు ఏ అలవాటూ లేదు!”

ఈ మాట ముగించి, గోడ వైపు తిరిగి, చొక్కా జేబులోంచి వేలెడంత ప్లాస్టిక్ సీసా తీసి, తల వెనక్కి వాల్చి, కుడి ముక్కులో రెండు చుక్కలు, ఎడమ ముక్కులో రెండు చుక్కలు వేసుకొని, సుర్రుమని పీల్చి, మళ్లీ ఇటు తిరిగి, “ఏ అలవాటూ లేదు!” అని ఇంకోసారి అనేవారు.

గురివింద తన కింది నలుపెరగదని ఊరికే అన్నారా! మూడేళ్ల కిందట ఒకనాడు ఆయనకు సాదాసీదా జలుబు చేసింది. మందుల కొట్టతను ఆ సీసా చేతికిస్తూ “మూడు రోజులే మాస్టారూ, అంతకుమించొద్దు” అన్నాడు. సీసా మీద కూడా చీమతలకాయంత అక్షరాలతో అదే రాసుంది. మొదటి చుక్కకే ముక్కు కోటతలుపులు దభాలున తెరుచుకున్నాయి. ఆహా అనుకున్నారు. నాలుగో రోజుకు జలుబు తగ్గింది గానీ ముక్కు మళ్లీ మూసుకుంది. ఇంకో చుక్క వేశారు. తెరుచుకుంది. నాలుగు గంటలకు మూసుకుంది. అసలు సంగతేమిటంటే, ఆ మందు లోపల వాచిన పొరలను కొద్దిసేపు అణిచిపెడుతుంది. దాని బలం తగ్గగానే అవి కసితీరా మునుపటికంటే ఎక్కువ వాస్తాయి. కాపలాకని పెట్టుకున్నవాడే జీతం అందని రోజున తలుపు బయట గొళ్లెం పెట్టి పోయినట్టు. మన వీరుడు మాత్రం కాపలావాడికి మొక్కుతూ, జలుబును తిడుతూ, మూడు రోజులను మూడేళ్లు చేశారు.

సీసా ఒకటి కాదు. చొక్కా జేబులో ఒకటి, దిండు కింద ఒకటి, గొడుగు మడతలో ఒకటి, పాత బూటులో ఒకటి. ఇంకా ఎక్కడెక్కడ దాచారో ఆయనకే గుర్తులేదు. ఈ మరుపే కొంప ముంచింది.

ఆ సోమవారం పచ్చిగింజలు కొలిచే డబ్బాలో ఆయన ఎప్పుడో దాచిన సీసా ఒకటి, గింజలతో పాటు గలగలమంటూ పీపాలో పడింది. పీపా తిరిగింది. మంట ఎగిసింది. కొంతసేపటికి, ప్రళయకాల ప్లాస్టిక్ దహన సంభూతమై, సకల జనకంఠ కషాయకరమై, ఘోరాతిఘోరమైన కంపొకటి పుట్టి, కిటికీలు దాటి, వీధిలోకి ఉరికి, దిక్కులన్నీ ఆక్రమించెను! తాళపుచెవులవాడు ఆకురాయి పారవేసి పరుగెత్తెను! పళ్లవైద్యుని గదిలోనుండి ఒకడు నోటినిండ దూదితోనే బయటికి దూకెను! ఆ మహోత్పాత సమయమున మన వీరుడు గరిటెతో గుప్పెడు గింజలు లాగి, ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని, దీర్ఘశ్వాస తీసి పలికెను:

“దివ్యం! ఇంకో పది లెక్కపెట్టి దించుతా.”

వెనకనుంచి యజమానురాలు వచ్చింది. తండ్రి నుంచి ఆ కొట్టును అందుకొని పదేళ్లుగా నడుపుతున్న మనిషి. గట్టిగా అరవదు, అదే ఆవిడతో భయం. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, మంట ఆర్పి, గింజలను పళ్లెంలోకి దించి, వాటి మధ్య నుంచి పట్టకారుతో ఒక నల్లటి ముద్దను పైకి తీసింది. సన్నటి మూతి ఇంకా పూర్తిగా కరగలేదు. ఆవిడ దాన్ని చూసింది, మాస్టారి జేబులోంచి తొంగిచూస్తున్న మూతినీ చూసింది.

“గింజలు పోతే పోయాయి మాస్టారూ. వీధి వీధంతా ముక్కు మూసుకుంటుంటే మీరు దివ్యం అన్నారు. ఎన్నాళ్లయింది మీకు వాసన తెలియక?”

మాస్టారు రొమ్ము విరిచారు. “అమ్మగారూ! పాతికేళ్లుగా ఈ కర్మాగార కీర్తిపతాకను మోసిన నాసిక ఇది! దీనిని శంకించుటయా? నేడు గాలి ఎదురుగా వీచుచున్నది గావున—”

“గాలి మీ వైపే వీస్తోంది” అందావిడ. బల్ల సొరుగులోంచి రంగుల బొమ్మల పుస్తకం తీసి తెరిచింది. అందులో వెండిలా మెరిసే యంత్రం ఒకటి. గింజ పదునెక్కగానే దానికదే ఆగిపోతుందట. “దీనికి ముక్కు లేదు, జలుబూ రాదు. మా నాన్న ఉన్నప్పటి మనిషని ఆగుతున్నాను. వచ్చే వారం శనివారం మధ్యాహ్నం మీ కళ్లకు గంతలు కట్టి మూడు గరిటెలు ముక్కు దగ్గర పెడతాను. పచ్చి ఏదో, పదును ఏదో, మాడు ఏదో చెప్పండి. చెబితే పీపా మీది. లేకపోతే యంత్రం తెప్పిస్తాను. అందాకా నేనే వేయించుకుంటాను, మీరు జల్లెడ పట్టండి.”

తుమ్మితే ఊడే ముక్కు అని సామెత. ఇక్కడ తుమ్మే ఓపిక కూడా లేని ముక్కు మీద పాతికేళ్ల ఉద్యోగం వేలాడుతోంది.

ఇంట్లో ఈ వార్త విని బావమరిది పడిన ఆనందం వర్ణనాతీతం. కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకున్నాడు. “ఏం బావా! మనసుంటే మార్గం ఉంటుందన్నావు. ముక్కుంటే ఉండదా?”

“నోర్ముయ్. అది అలవాటు కాదు, మందు.”

“నాకు తెలియదా బావా! మొదటి సిగరెట్టు సరదాకి కాల్చాను. రెండోది స్నేహితుడు ఇచ్చాడని కాల్చాను. మూడోది, రెండోది లేక చిరాగ్గా ఉందని కాల్చాను. ఆ తర్వాత ఇరవయ్యేళ్లుగా కాలుస్తున్నవన్నీ ఆ మూడోదే.”

మాస్టారి భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె బస్‌స్టేషన్‌లో నాలుగో నంబరు కౌంటర్‌లో టిక్కెట్లు ఇస్తుంది. రోజుకు ఐదారువందల మంది అబద్ధాలు వినడం ఆమె వృత్తి. “మీ ఇద్దరికీ తేడా ఏమీ లేదు. వాడిది పొగ, మీది నీళ్లు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, పదండి” అంది.

మర్నాడు చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ మాస్టారి ముక్కులోకి దీపం వేసి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకొంది.

“మందు ఎందుకు వేసుకుంటున్నారు?”

“ముక్కు దిబ్బడ వేస్తోందనండి.”

“దిబ్బడ ఎందుకు వేస్తోంది?”

“మందు వేసుకోకపోతేనండి.”

డాక్టరమ్మ దీపం ఆర్పింది. “ఇప్పుడు మీరన్నది మీరే ఇంకోసారి అనుకోండి” అంది. మాస్టారు అనుకున్నారు. పెదవులు కదిలాయి. మొహం పాలిపోయింది.

“రెండు వైపులా ఒక్కసారే మానేస్తే రెండో రోజుకే మందుల కొట్టుకి పరిగెడతారు. చాలామందిని చూశాను. అందుకని ఒక వైపే మానండి. ఎడమ వైపు ఉప్పునీళ్లు తప్ప ఏమీ వెయ్యొద్దు. కుడి వైపు పొద్దున రెండు చుక్కలు, మధ్యాహ్నం రెండు చుక్కలు. దాంతో ఊపిరాడుతుంది కాబట్టి చావరు. బాధపడతారు, అంతే. ఎడమది తెరుచుకున్నాక కుడిదాని సంగతి చూద్దాం.”

ఆ క్షణాన మన వీరుని ముఖసామ్రాజ్యం రెండుగా చీలింది. నడుమ ఎముకే సరిహద్దు. కుడి రాజ్యం సుభిక్షం, ఎడమ రాజ్యం యుద్ధభూమి. ఇంటికి రాగానే భార్య దిండు కింద, గొడుగులో, బూటులో వెతికి సీసాలన్నీ పారేసి, ఒక్కటి మాత్రం తన చేతిసంచిలో వేసుకొంది. “పొద్దున ఇంట్లో వేస్తాను. మధ్యాహ్నం కావాలంటే కౌంటర్ దగ్గరికి రండి. వరుసలో రావాలి. నా మొగుడైనా సరే.”

ఇక వినుడు యుద్ధము! (కవచం తొడుక్కున్నాను.) ప్రథమ దినమున వామనాసిక పూర్తిగా మూతపడెను. ద్వితీయ దినమున మూతపడిన తలుపునకు లోపలినుండి తాళము పడెను. తృతీయ దినమున ఆ తాళముపై గోడ కట్టబడెను! వీరుడు ఉప్పునీటి ధారాపాతముతో ముట్టడి చేసెను. నీరు నోటిలోనికి వచ్చెను గాని గోడ కదలదాయెను. జల్లెడ పట్టుచు నోరు తెరచి ఊపిరి పీల్చగా గింజపొట్టు నోటినిండ చేరెను. మాటలాడిన “మ” అనునది “బ” గా పలుకసాగెను. “అమ్మగారూ” అని పిలిచిన “అబ్బగారూ” అని వినబడి ఆవిడ తల తిప్పి చూచెను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కౌంటర్ ముందు పన్నెండో మనిషిగా నిలబడ్డారు. వరుస చీమలా కదిలింది. ఒకాయన చిల్లర లేదన్నాడు, ఇంకొకావిడ కిటికీ పక్క సీటు కావాలని పట్టుబట్టింది. చివరికి మాస్టారు కిటికీలోకి వంగారు.

“కుడికి రెండు చుక్కలు వెయ్యి. ఎడమకి కూడా... ఒక్కటే. పోనీ అర చుక్క. పోనీ మూత తీసి దగ్గర పెట్టు, చాలు.”

ఆమె కిటికీ సందులోంచి చెయ్యి చాచి, కుడి ముక్కులో లెక్కగా రెండు చుక్కలు వేసి, మూత బిగించింది. “ఎడమ వైపు సర్వీసు రద్దు. తర్వాత!”

“నీ భర్త ప్రాణం పోవుచుండగా ఇంత కాఠిన్యమా? ఏడడుగులు—”

“తర్వాత!”

వెనకున్న పెద్దాయన మాస్టారి భుజం తట్టి, జాలిగా అడిగాడు. “ఎక్కడికి బాబూ? సీటు దొరకలేదా?”

ఇంతవరకూ నవ్వుతాలే. ఐదో రోజు, శనివారం, మధ్యాహ్నం మూడింటికి, అసలు శత్రువు ఎదురుపడ్డాడు.

కొట్టులో ఎవరూ లేరు. యజమానురాలు తాను వేయించిన గింజలు చేదుగా ఉన్నాయన్న పాత ఖాతాదారుకు సర్దిచెప్పడానికి వెళ్లింది. మాస్టారు పాత తక్కెడను తుడుద్దామని పళ్లెం ఎత్తారు. దాని కింద, మరచిపోయిన చోట, మూత కూడా తీయని నిండు సీసా!

ఆయన చెయ్యి ఆయన్ని అడగకుండానే దాన్ని అందుకుంది. మూత తిరిగింది. తల వెనక్కి వాలింది. అప్పుడే ఏమైందో ఏమో, రెండో చేత్తో ఫోను తీసి బావమరిదికి కొట్టారు. పాతికేళ్ల ప్రగల్భాలన్నీ మింగి, “ఒరేయ్... ఒక్కసారి రాగలవా? నావల్ల కావట్లేదు” అన్నారు. ముక్కు మూసుకుపోయింది కాబట్టి ఆ మాట ఏడుపులా వినబడింది. నిజం చెప్పాలంటే ఏడుపే.

పక్క వీధిలో లిఫ్టును రెండో అంతస్తు దగ్గరే ఆపేసి, బావమరిది పది నిమిషాల్లో వచ్చాడు. వెనక మెట్ల మీద, పొట్టు బస్తాల మధ్య కూర్చున్న బావనూ, బావ ఎదురుగా మెట్టు మీద నిలబెట్టి ఉన్న సీసానూ చూశాడు. ఎగతాళి చేద్దామని దారంతా నాలుగైదు మాటలు సిద్ధం చేసుకొనే వచ్చాడు. ఒక్కటీ వాడలేదు. పక్కన కూర్చొని, సిగరెట్టు పెట్టె తీసి, ఒకటి బయటకు లాగి, సీసా పక్కనే నిలబెట్టాడు.

“పారెయ్యమంటే పారెయ్యలేవు, నాకు తెలుసు. ఒక గంట. నువ్వు దాన్ని ముట్టుకోకు, నేను దీన్ని ముట్టించను. గంట తర్వాత నీ ఇష్టం, నా ఇష్టం.”

అట్లు మొదలయ్యెను, త్రిలోకములును ముక్కున వ్రేలిడుకొని చూడదగిన ఆ మహాసంగ్రామము! ఒక ప్రక్క వామనాసికా పీడితుడు, ఒక ప్రక్క ధూమపాన పరాయణుడు. ఎదుట దశ మిల్లీలీటర పరిమిత దేహుడగు సీసాసురుడును, శ్వేతాంబరధరుడగు సిగరెట్టాసురుడును! మొదటి పది నిమిషములు చూపులతో గడిచెను. పదునొకండవ నిమిషమున బావమరిది కుడికాలు తనంత తానే ఊగసాగెను. పదునేనవ నిమిషమున వీరుడు లేచి నిలిచి, సీసాను వ్రేలితో చూపి, మేఘగంభీర స్వరమున, “మ” కారములెల్ల “బ” కారములై మ్రోగగా, గర్జించెను:

“ఓరీ బూడు దినబుల చుట్టబా! బూడేండ్లుగా కదలవేబిరా! నిన్ను నబ్బి నా—”

“బావా, కూర్చో. దాంతో మాట్లాడకు. మాటలు పెట్టుకుంటే అదే గెలుస్తుంది. నేను రోజూ మాట్లాడతాను కదా.”

మాస్టారు కూర్చున్నారు. కాసేపటికి సీసా వైపు చూడకుండా మెల్లగా చెప్పారు. కౌంటర్ దగ్గర చేసినట్టే ఇకపై కూడా ఆయన మాటలను సవరించి రాస్తాను, పాపం ఎన్నిసార్లని నవ్వుతాం.

“ఒక మాట చెప్పనా? అమ్మగారు అడిగింది నిజం. రెండేళ్లయిందిరా నాకు వాసన తెలిసి. గింజ రంగు చూసి పదును అంటున్నాను. చిటపట చప్పుడు విని అంటున్నాను. ఒక్కోసారి ఊరికే అంటున్నాను. రోజూ కళ్లు మూసుకొని, గట్టిగా పీల్చి, ఏమీ తెలియక... పదును! అని అరుస్తాను. అన్న ప్రతిసారీ గుండె దడ.”

“మరి ముందే మానలేకపోయావా?”

“ఆ చుక్కల్లో సుఖం ఏముందిరా? మందు వేసుకున్నప్పుడు బాగుంటుందని కాదు. వెయ్యకపోతే ఏమవుతుందోనని భయం. మూసుకుపోతుందేమో, మూసుకుపోతుందేమో అని. మూసుకోకముందే వేసేవాణ్ణి. ఆ భయమేరా నా అలవాటు.”

బావమరిది కాలు ఊపడం ఆపాడు. తన సిగరెట్టును కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. “మా ఇద్దరి మధ్య కూడా అదే సంగతి అనుకుంటా” అన్నాడు.

అప్పుడు మాస్టారి మీద బావమరిదికి చెప్పలేనంత ప్రేమ కలిగింది. ఇరవయ్యేళ్లుగా తనకు నీతులు చెప్పిన మనిషి, మొదటిసారి తనలాంటి మనిషిలా కనిపించాడు.

నలభయ్యో నిమిషం గడిచింది. యాభయ్యో నిమిషాన మాస్టారి చెయ్యి సీసా వైపు జానెడు దూరం పాకింది. బావమరిది పట్టుకోలేదు. తన చేతిని సిగరెట్టు దగ్గరకు అంతే దూరం జరిపి, ఆపాడు. రెండు చేతులూ మెట్టు మీద అలాగే, పిల్లుల్లా పొంచి ఉన్నాయి. తర్వాత రెండూ వెనక్కి వచ్చాయి.

యాభై ఎనిమిదవ నిమిషమున, అహో, ఏమని వర్ణింతును! వామనాసికాంతర్భాగమున సన్నని కీచుధ్వని యొకటి పుట్టెను. వెన్నులో పులకయై, కంటిలో నీరై, గోడలో బీటయై, ఆ బీటలో ఈలయై, ఆ ఈల నుండి గాలియై, దారపు పోగంత గాలి, మూడు సంవత్సరముల తరువాత, ఎవరి అనుమతియు లేకయే, ఏ చుక్కకును ఋణపడకయే, ఎడమ ముక్కు గుండా లోనికి ప్రవేశించెను! వీరుడు నిశ్చేష్టుడై నిలిచెను. పిదప కుడి ముక్కును వ్రేలితో మూసి, ఎడమ దానితో మరల పీల్చెను. పీల్చి, ముఖము వికారముగ పెట్టి, పలికెను:

“ఒరేయ్! నీ చొక్కా ఇంత కంపు కొడుతోందేంట్రా!”

“ఏంటీ?”

“బూడిద కంపు! తడిసిన బూడిద! దేవుడా, ఎంత కంపు!” అంటూ మాస్టారు బావమరిదిని కౌగిలించుకొని, ఆ చొక్కాలో మొహం పెట్టి, ఆనందంతో భోరున ఏడ్చారు. పాతికేళ్లుగా లోకంలోని సువాసనల మధ్య బతికిన మనిషికి ఏ సువాసనా ఇవ్వని సుఖం ఆ కంపు ఇచ్చింది. బావమరిది చిన్నబుచ్చుకున్నాడు. బావ చూడనప్పుడు తన చొక్కా చేతి మడతను ముక్కు దగ్గర పెట్టుకొని పీల్చి చూసుకున్నాడు. అతనికేమీ తెలియలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

గంట పూర్తయింది. సీసా మురుగుకాలవలో పడింది. సిగరెట్టు తిరిగి పెట్టెలోకి వెళ్లింది. ముట్టించలేదని అనుకోకండి, సందు మలుపు తిరగ్గానే ముట్టించాడు. కానీ మర్నాడు మూడింటికి ఫోను చేసి, “బావా, ఈ రోజు కూడా ఒక గంట కూర్చుందామా?” అని అడిగాడు.

పరీక్ష పెడతానన్న శనివారం రానే వచ్చింది. వీరుని కుడి ముక్కు ఇంకా మందుకు దాసోహం. ఎడమ ముక్కు స్వతంత్రం, కానీ కొత్త స్వతంత్రం, పొద్దున తెరుచుకొని మధ్యాహ్నానికి సగం మూసుకొనే రకం. ఆ సగంతోనే మాస్టారు బల్ల ముందు కూర్చున్నారు. భార్య కౌంటర్‌కు బోర్డు తగిలించి వచ్చింది. బావమరిది గోడకు ఆనుకొని, ముట్టించని సిగరెట్టును వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. యజమానురాలు మాస్టారి కళ్లకు తువ్వాలు కట్టి, మూడు గరిటెలు వరుసగా బల్ల మీద పెట్టింది.

“పచ్చి, పదును, మాడు. ఏది ఏదో చెప్పండి.”

మొదటి గరిటె వచ్చింది. మాస్టారు కుడి ముక్కు మూసుకొని ఎడమ దానితో పీల్చారు. పట్టలేనంత సంతోషం. వాసన వచ్చింది, పాత స్నేహితుడు పేరు పెట్టి పిలిచినట్టుంది. రెండో గరిటె వచ్చింది. పీల్చారు.  మొదటిదీ ఇదీ ఒకేలా ఉన్నాయి. మూడోది వచ్చింది. పీల్చారు. మళ్లీ పీల్చారు. అదీ అంతే!

 మూడూ వేరువేరని ఆవిడ చెప్పింది. మరి తన ముక్కుకు తేడా ఎందుకు తెలియడం లేదు? తెరుచుకుందనుకున్నది భ్రమా? బూడిద కంపు ఒక్కటే వస్తుందా దానికి? రెండేళ్ల పాత విద్య చెవిలో గుసగుసలాడింది. ధైర్యంగా ఏదో ఒకటి అనెయ్యి. మొదటిది పచ్చి, రెండోది పదును, మూడోది మాడు. రొమ్ము విరిచి అరిస్తే సగంమంది నమ్ముతారు. ఇన్నాళ్లూ నమ్మలేదా?

నోరు తెరిచారు. గోడ దగ్గర వేళ్ల మధ్య తిరుగుతున్న సిగరెట్టు చప్పుడు ఆగింది.

“అమ్మగారూ” అన్నారు మెల్లగా. ఏ ఆర్భాటమూ లేదు. “నన్ను క్షమించండి. నాకు మూడూ ఒకేలా ఉన్నాయి. రెండేళ్లుగా నాకు వాసన తెలియకపోయినా తెలిసినట్టు నటించాను. ఈ రోజు నటించలేను. మూడూ... మూడూ ఒక అరనిమిషం ఎక్కువ వేగినట్టున్నాయి. తేడా నాకు తెలియట్లేదు. మీరు యంత్రం తెప్పించుకోండి.”

 మాస్టారికి తన ఎడమ ముక్కు చేస్తున్న సన్నని ఈల తప్ప ఏమీ వినబడలేదు.

యజమానురాలు ముందుకొచ్చి తువ్వాలు విప్పింది. ఆవిడ మొహం కొంచెం ఎర్రబడి ఉంది.

“మూడూ ఒకటే మాస్టారూ. ఒకే పళ్లెంలోవి తీసి మూడు గరిటెల్లో వేశాను. నటించే మనిషైతే మూడు పేర్లు చెబుతాడని.” తువ్వాలు మడతపెట్టింది. “అరనిమిషం ఎక్కువన్నారు. పొద్దున వేయించింది నేనే.”

“అయ్యో! అంటే, అరనిమిషం కూడా కాదండి, పావు—”

“అరనిమిషమే. సోమవారం నుంచి పీపా మీది. ఈసారి తెలియకపోతే తెలియదని చెప్పండి, చాలు” అని ఆవిడ బొమ్మల పుస్తకాన్ని సొరుగులో పెట్టేసింది. పారేయలేదు. ఆవిడా మాట తూచి ఇచ్చే మనిషే.

అందుచేత, ఓ శ్రోతలారా, దుందుభులు మ్రోగించుడు! మూడు సంవత్సరముల దాస్యమునకు పిదప, పన్నెండు దినముల ఘోర సమరానంతరమున, ఒకానొక మానవుని రెండు ముక్కులలో ఒక ముక్కు, అదియు ఎడమది, అదియు సగము మాత్రమే, విముక్తి పొందెను! దిక్పాలకులు పుష్పవృష్టి కురిపించిరో లేదో చూచినవారు లేరు. గింజపొట్టు మాత్రము పైనుండి కొంత రాలెను. వీరపత్ని కనులు తుడుచుకొని, చేతిసంచి నుండి సీసా తీసి, కుడి ముక్కున పడవలసిన రెండు చుక్కలను అచ్చటనే లెక్కగ వేసి, మూత బిగించెను. విజేత తల వెనుకకు వాల్చియే, బావమరిదితో, లోకమెల్ల వినునట్లు పలికెను:

“చూశావురా? నాకు సగం అలవాటే ఉంది!”